మూడో తీగ

మా అత్తయ్య శంషాబాద్‌కి కాపురానికొచ్చినప్పుడు వేడినీళ్లంటే పెరట్లో రాగి బాయిలరే. కట్టెలు పెట్టి, పొగ మింగి, పిల్లల స్నానాలయ్యేసరికి ఆవిడకి పొద్దెక్కేది. ఇప్పుడు మనకి ఒక్క స్విచ్చి వేస్తే చాలు.

గీజర్ అన్నది ఐస్‌లాండ్‌లో నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి బుగ్గ పేరు. 1868లో లండన్‌లో బెంజమిన్ మాన్ అనే ఆయన గ్యాస్‌తో నీళ్లు కాచే పరికరం తయారుచేసి దానికీ ఆ పేరే పెట్టాడు. కరెంటు గీజర్లు తరవాత వచ్చాయి.

మన హైదరాబాద్‌లో 1920 ప్రాంతంలోనే హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం వచ్చింది. అయితే మా ఊళ్లో పాత ఇళ్ల వైరింగ్ బల్బుల కోసం, ఫ్యాన్ల కోసం చేసిందే. వాటికి ఫేజు, న్యూట్రల్ రెండు తీగలు చాలు. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు మొదలయ్యాక అద్దెకొచ్చేవాళ్లు పెరిగారు. మేమూ పాత ఇంటికే పోర్షన్లు కలిపి, బాత్రూముకో గీజర్ పెట్టించాం. 60 వాట్ల బల్బు పావు ఆంపియర్ తీసుకుంటే, 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. గీజర్ పెరిగింది కానీ మూడో తీగ, అంటే ఎర్త్, రాలేదు.

ఒక చలికాలం పొద్దున కుళాయి ముట్టుకుంటే నా చెయ్యి జిల్లుమంది. తరవాత స్నానానికి వెళ్లాల్సింది మా అమ్మాయి. మెయిన్ ఆపేసి వేరే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. సాకెట్ విప్పి చూస్తే, ఎర్త్ బొక్కని చిన్న తీగముక్కతో న్యూట్రల్‌కే కలిపేసి ఉంది! మీటరు దగ్గర న్యూట్రల్ వదులైంది. అది పూర్తిగా తెగి ఉంటే గీజర్ ఒళ్లంతా 230 వోల్టులు పాకేది.

పెరట్లో గొయ్యి తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ పైపు దించారు. ప్రతి గీజర్‌కీ పచ్చ తీగ లాగి, విడిగా 4 ఎంఎం రాగి వైరు, 16 ఆంపియర్ల సాకెట్ వేశారు. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టారు. కరెంటు కాస్త పక్కదారి పట్టినా అది క్షణంలో సరఫరా ఆపేస్తుంది. మన బోరునీళ్లకి గీజర్ కాయిల్ మీద గార పేరుకుని పగిలే ప్రమాదం ఉంది కాబట్టి ఇవన్నీ తప్పనిసరి.

అత్తయ్య నీళ్లు తోడేముందు కట్టెలు బయటికి లాగేది. మనమూ స్నానానికి ముందు స్విచ్చి ఆపేద్దాం. ఈసారి ఎలక్ట్రీషియన్ వస్తే, "బాబూ, ఎర్త్ నిజంగా భూమిదాకా వెళ్లిందా?" అని అడగండి. మీటరు పెట్టి చూపించేదాకా వదలకండి.