దారిలో దిద్దిన రేఖలు

కొన్ని సంవత్సరముల క్రిందట మేము గోదావరి రేవున కూర్చుండి బొమ్మ వేయ ప్రయత్నించితిమి. అది పేరుపొందిన తావేమియు కాదు, ఊరి ప్రక్కనున్న సామాన్యమైన స్నానఘట్టము. మెట్లు, వాటి పైన రావిచెట్టు, ఆవలి ఒడ్డున ఇసుకతిన్నె, ఇవన్నియు ఎట్లో కాగితము మీదికి వచ్చినవి. మెట్ల మీద బట్టలుతుకుచున్న ఒక వృద్ధురాలిని కూడ చేర్పబోయితిమి. తల గీచునప్పటికి ఆమె వంగినది. నడుము గీచునప్పటికి లేచినది. చేతులకు వచ్చునప్పటికి బట్టలు పిండుకొని వెళ్ళిపోయినది. ఆ కాగితము ఇప్పటికిని మా వద్ద కలదు. అందు రావిచెట్టు చెట్టువలెనే యున్నది. మెట్ల మీద మాత్రము ఒక తల, ఒక నడుము, ఒకదానితో ఒకటి సంబంధము లేక నిలిచియున్నవి.

ప్రయాణములందు బొమ్మలు వేయ నేర్చుకొనువారికి మొదట ఎదురగు చిక్కు ఇదియే. కొండ ఆగును, కోవెల ఆగును, మనిషి ఆగడు. ఈ చిక్కుతో పెనగులాడుచు, దారినే బడిగా చేసికొని చిత్రకళ నేర్చిన ఒక బాలుని కథను నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి. అతడు మన దేశమువాడు కాడు. కాని అతడు నేర్చినది మన నదుల ఒడ్డున, మన కొండదారులలో.

ఇంగ్లండులో చెర్ట్సీ అను ఊర డేనియల్ కుటుంబమువారు పూటకూటి ఇల్లు నడపుచుండిరి. ఆ కుటుంబమున 1749లో పుట్టిన థామస్ మొదట బండ్లకు రంగులు వేయు పని నేర్చి, తరువాత 1773లో లండనులోని రాయల్ అకాడమీ పాఠశాలలో ప్రవేశించెను. సోదరుడు మరణింపగా అతని కుమారుడైన విలియమును థామస్ చేరదీసెను. విలియం 1769లో జన్మించినవాడు. లండనులో చిత్రకారులకు కొదవ లేదు, బ్రతుకుతెరువునకే కొదవ. అందుచే థామస్ ఈస్టిండియా కంపెనీవారి అనుమతి సంపాదించి, బాలుని వెంటబెట్టుకొని 1785లో ఓడ ఎక్కెను. చైనా మీదుగా వారు 1786 ఆరంభమున కలకత్తా చేరిరి. అప్పటికి విలియమునకు ఇంచుమించు పదునారేండ్లు.

మొదటి రెండు సంవత్సరములు కలకత్తా వీధులే అతనికి పాఠశాల. నగర దృశ్యములు 12 రాగిరేకుల మీద చెక్కి అచ్చు వేయుట వారు పెట్టుకొన్న పని. ఆ విద్యలో థామస్‌కే అనుభవము తక్కువ. రేకు నునుపు చేయుట మొదలు అచ్చు తీయువరకు ప్రతి పనియు తామే చూచుకొనవలసి వచ్చినది. ఊరి పనివారిని చేర్చుకొని, వారికి నేర్పుచు, వారి వద్ద నేర్చుకొనుచు, 1788 నాటికి ఆ 12 చిత్రములు ముగించిరి. అందు చూపిన భవనములలో కొన్ని నేడు లేవు.

ఆ సంవత్సరము సెప్టెంబరులో మామూలు ప్రయాణీకులవలె గాక, చిత్రములే ప్రయోజనముగా వారు పడవపై గంగకు ఎదురు సాగిరి. పడవ ఒడ్డున ఆగినపుడు దిగి, గుట్ట ఎక్కి, కనిపించిన కోటనో గుడినో గీచుకొందురు. విలియం దినచర్య వ్రాసెడివాడు. ఏ దినమున ఎచట ఆగినది, పినతండ్రి ఏమి గీచినది, తానేమి గీచినది, అందు నమోదై యున్నవి. వారికి ముందే విలియం హాడ్జెస్ అను చిత్రకారుడు ఈ ప్రాంతములలో తిరిగి చిత్రములు ప్రకటించి యుండెను. డేనియల్‌లు ఆ చిత్రములను వెంట తెచ్చుకొని, అసలు స్థలము ఎదుట నిలిచి పోల్చి చూచెడివారు. పెక్కుచోట్ల అవి సరిపడలేదు. హాడ్జెస్ భావమును బట్టి గీచినాడు, తాము ఉన్నదానిని ఉన్నట్లు గీయవలెనని వారి పట్టుదల. ఒక విద్యార్థికి ఇంతకంటె మంచి పాఠము వేరొకటి దొరకదు. ఒకే గోపురమునకు రెండు చిత్రములు చేతిలో నుండగా, గోపురమే ఎదుట నిలిచి తీర్పు చెప్పును.

ఉన్నట్లు గీయుటకు వారొక సాధనము వాడిరి. దానిని కెమెరా అబ్‌స్క్యూరా అందురు, చీకటిగది అని అర్థము. చీకటి చేసిన పెట్టెలోనికి కటకము ద్వారా వెలుతురు వచ్చును. అద్దము దానిని మరల్చగా, ఎదుటి దృశ్యము చిన్నదై కాగితము మీద పడును. ఆ ఛాయ వెంట పెన్సిలు నడపినచో భవనముల పాళ్ళు, దూరమున వస్తువులు తగ్గు తీరు తప్పక వచ్చును. నేడు ఫోనుతో ఛాయాచిత్రము తీసికొని దాని ననుసరించి గీచువారిని మనము ఎగతాళి చేయనక్కరలేదు. రెండువందల యేండ్ల క్రిందటి నిపుణులును సాధనము సాయము తీసికొన్నవారే. అయితే ఆ పెట్టెలో పడు ఛాయ కదలును. కోట నిలుచును గాని, కోట ముందు నడచువాడు కాగితము మీదనే నడచిపోవును. అతనిని పట్టుటకు కటకము చాలదు, కన్ను అలవాటు పడవలయును.

1789లో వారు ఆగ్రా, మధుర, ఢిల్లీ చూచి హిమాలయ పాదములకు మరలిరి. గఢ్వాల్ రాజ్యమునకు ముఖ్యపట్టణమైన శ్రీనగరమున అలకనందా నది మీద త్రాళ్ళతో కట్టిన వంతెన ఉండెను. ఆ సమయమున అచట యుద్ధము సమీపించినది. ఊరివారు ప్రాణములు, సామానులు దక్కించుకొన ఆవలి ఒడ్డునకు దాటుచుండిరి. చిత్రకారులును అచట నిలువలేక త్వరలోనే వెనుకకు మరలిరి. ఆ త్రాళ్ళవంతెన చిత్రమును తరువాత లండనులో ప్రచురించిరి. అందు కొండలు గొప్పవి, నది గొప్పది, మనుష్యులు చీమలవంటివారు. కాని ఆ చీమల బారును తీసివేసినచో మిగులునది వట్టి కొండయే. ఆ దినమున అచట ఏమి జరిగినదో చెప్పునది ఆ చిన్న గీతలే.

1791 చివరకు కలకత్తా తిరిగివచ్చి, తమ తైలవర్ణ చిత్రములను లాటరీ వేసి, ఆ ధనముతో 1792లో మద్రాసు చేరిరి. అప్పుడే మూడవ మైసూరు యుద్ధము ముగిసినది. వార్తలలో పేర్లు విన్న కొండకోటల బొమ్మలకు ఇంగ్లీషువారిలో గిరాకీ ఉండునని ఎరిగి ముందు ఆ దారి పట్టిరి. చిత్రకారుని దారిని కూడ తరచుగా విజేతల దండు దారియే నిర్ణయించినదను సంగతి మనము మరువరాదు. అటనుండి దక్షిణముగా సాగి మధురలో తిరుమల నాయకుని భవనమును, పాపనాశము జలపాతమును, తంజావూరు పెద్దకోవెల నందిని గీచిరి. 1793 మొదట మద్రాసు చేరి, పిదప బొంబాయి ప్రాంతపు గుహాలయములు చూచి, 1794లో స్వదేశము చేరిరి.

ఇన్ని సంవత్సరముల ప్రయాణములో విలియమునకు మనుష్యులను గీయుట ఎట్లు పట్టుబడినది? వారి చిత్రములు చూచునపుడు మాకొకటి తోచినది. దారిన కనిపించిన రాజులకంటె, పడవవారు, పల్లకి బోయీలు, ఏనుగు మావటివారు సహజముగా నున్నారు. కారణము ఊహించుట కష్టము కాదు. రాజు దర్శనము ఒక్కసారి. గడవేయువాడు ప్రొద్దుటినుండి సాయంకాలమువరకు కంటి ఎదుట అదే విధముగా వంగును, అదే విధముగా లేచును. మనిషి ఆగడన్నమాట నిజమే గాని, పనిచేయువాడు చేసినదే మరల చేయును. మొదటిసారి తప్పిన గీత నూరవసారి దొరకును. ఇట్లు నెలల తరబడి ఆ బోయీల భుజముల మీద ప్రయాణము చేసి, వారి నడకలను చూచి నేర్చిన చిత్రముల క్రింద స్థలముల పేర్లు కలవు, ఆ బోయీల పేర్లు లేవు. ఆ విద్యకు వారును గురువులే.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఒకటి కలదు. 1790లో పూనా దర్బారున పీష్వాతో సర్ చార్లెస్ మేలెట్ సంధి చేసికొన్న దృశ్యమును థామస్ 1805లో పెద్ద చిత్రముగా వేసెను. ఆ సభను అతడు చూడలేదు. పూనాలో పనిచేసిన జేమ్స్ వేల్స్ అను చిత్రకారుడు 1795లో మరణించెను. అతడు మిగిల్చిన చిత్తుబొమ్మలే థామస్‌కు ఆధారము. ముఖములను ఎదుట కూర్చుండి చూచి గీచినవాడొకడు, పటము పూర్తిచేసినవాడు వేరొకడు. ఎవరో ఒకరు ఆ ముఖములను సమీపమున చూడనిదే ఆ పటము పుట్టదు.

లండను చేరిన పిదప విలియమునకు రెండవ చదువు మొదలైనది. ఆక్వాటింట్ అను పద్ధతిలో రాగిరేకు మీద సన్నని గుగ్గిలపు పొడి చల్లి, వేడిచేసి అంటించి, ఆమ్లముతో కొరికించెదరు. నీటిరంగు పూసినట్లు మెత్తని నీడలు వచ్చును. ఏడు సంవత్సరములు ఉదయము ఆరు గంటలనుండి అర్ధరాత్రివరకు పనిచేసితినని అతడు తరువాత చెప్పుకొనెను. 1795 నుండి 1808 వరకు 144 చిత్రములతో వెలువడిన ఓరియంటల్ సీనరీ అను గొప్ప సంపుటము ఆ శ్రమఫలమే. మొత్తము వెల 210 పౌనులు.

అంతటితో అతని ప్రయాణము ఆగలేదు. నలుబదినాల్గవ యేట, 1813లో, తన సొంత ద్వీపము చుట్టును సముద్రతీరము వెంట బయలుదేరెను. ఆ చిత్రములు 1814 నుండి 1825 వరకు 308 వెలువడినవి. గంగ ఒడ్డున నేర్చిన అలవాటుతోనే అతడు తన దేశపు జాలరివాడలను, రేవులను చూచెను. పరదేశము నేర్పిన చూపుతో స్వదేశమును చూచిన భాగ్యము అతనిది. విలియం 1837లోను, థామస్ 1840లోను మరణించిరి.

దారిలో గీచిన రేఖ కేవలము వినోదము కాదని తెలియుటకు మనము దూరము పోనక్కరలేదు. మన కృష్ణ ఒడ్డున అమరావతి కలదు. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అచట పట్టణము కట్టించునపుడు, పాతదిబ్బ నుండి శిల్పములతో కూడిన చలువరాళ్ళు బయటపడినవి. ఆ దశాబ్దిలోనే వాటిని చూచిన కర్నల్ మెకంజీ, సర్వేయర్ జనరల్ అయిన పిదప 1816లో సర్వే చిత్రకారులతో మరల వచ్చెను. వారిలో కొందరు మద్రాసు సర్వే పాఠశాలలో బాల్యముననే కొలత, గీత నేర్చి, మిగిలిన విద్య విలియంవలెనే దారులలో గడించినవారు. వారు గీచిన ఎనుబదికి పైగా చిత్రములు నేడు లండనులో బ్రిటిష్ లైబ్రరీయందు కలవు. తరువాతి కాలమున ఆ రాళ్ళలో కొన్ని సున్నపుబట్టీల పాలైనవి, కొన్ని జాడ తెలియకపోయినవి. వాటిలో కొన్నింటికి ఆ కుర్రవాండ్ర పెన్సిలు గీతలే నేటికి మిగిలిన సాక్ష్యము. రాయి శాశ్వతమని, కాగితము అల్పమని మనము తలచుచుందుము. అమరావతిలో అది తలక్రిందులైనది.

విలియం కథ చదివిన పిదప మేము మరల ఆ గోదావరి రేవునకు వెళ్ళితిమి. ఈసారి పుస్తకము తెరువక ముందు ఆ వృద్ధురాలితో మాటలాడితిమి. సంగతి విని ఆమె నవ్వి, "నా బొమ్మెందుకండి బాబూ, ఆ గోదారమ్మ బొమ్మ వేసుకోండి" అన్నది. ఆమె పని ఆమె చేసికొనుచుండెను. మేము తొందరపడలేదు. ఆమె వంగినపుడు నడుము చూచితిమి, లేచినపుడు విడిచితిమి, మరల వంగినపుడు మరల చూచితిమి. నాలుగు దినములకు తలయు, నడుమును, చేతులును ఒకే మనిషివైనవి. బొమ్మ గొప్పది కాదు. కాని దాని క్రింద, రేవు పేరుతో పాటు, ఆమెను అడిగి ఆమె పేరు కూడ వ్రాసికొంటిమి.