తగ్గని దవడ నొప్పి.. పంటి డాక్టర్‌కు నిద్ర సంగతి కూడా చెప్పాలి

పగలు ఎలాగో ఓర్చుకున్న పన్ను రాత్రి పడుకోగానే సలపడం మొదలుపెడుతుంది. పడుకుంటే తలవైపు రక్తప్రవాహం పెరుగుతుంది, వాచిన పంటి లోపల ఒత్తిడి ఎక్కువవుతుంది. ఈ నొప్పి రూట్ కెనాల్‌తోనో, పన్ను తీయించడంతోనో పోతుంది. అసలు చిక్కు నెలల తరబడి వదలని నొప్పితోనే.

3 నెలలు దాటిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలికంగా లెక్కిస్తారు. పళ్ల సమస్య కాకుండా ముఖంలో వచ్చే ఇలాంటి నొప్పి ఎక్కువగా చెవి ముందుండే దవడ కీలులో, నమిలే కండరాల్లో ఉంటుంది. దీన్నే టీఎండీ అంటారు. నోరు తెరిస్తే టక్‌మని శబ్దం, నమిలితే నొప్పి, కణతల్లో పోటు దీని లక్షణాలు. చాలామంది పంటి నొప్పే అనుకుని బాగున్న పన్ను పీకించుకుంటారు. నొప్పి మాత్రం అలాగే ఉంటుంది.

నొప్పి నిద్ర చెడగొడుతుందని అందరికీ తెలుసు. నిద్ర చెడినా నొప్పి రావచ్చన్నది తక్కువ మందికి తెలుసు. అమెరికాలో ఒపెరా అనే అధ్యయనం టీఎండీ లేనివారిని ఏళ్ల తరబడి గమనించింది. తర్వాత ఆ జబ్బు వచ్చినవారిలో, నొప్పి మొదలవకముందే నిద్ర దిగజారుతూ వచ్చిందని తేలింది. నిద్ర చాలకపోతే నొప్పిని అణచుకునే శక్తి మెదడుకు తగ్గుతుంది. అదే పోటు రెట్టింపుగా అనిపిస్తుంది.

నిద్రలో పళ్లు కొరికితే కడుపులో పురుగులని పెద్దవాళ్లు అంటారు. పెద్దల విషయంలో ఒత్తిడి, సిగరెట్, టీ కాఫీలు ఎక్కువవడం, కొన్ని డిప్రెషన్ మందులు దీనికి తోడవుతాయి. నైట్ గార్డ్ పళ్లు అరగకుండా కాపాడుతుంది కానీ నిద్రను బాగు చేయదు. గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉంటే గార్డ్ చేయించే ముందే డాక్టర్‌కు చెప్పాలి.

రంజాన్‌లో తరావీహ్‌కు, సెహ్రీకి మధ్య నిద్ర ముక్కలవుతుంది. దవడ నొప్పి ఉన్నవాళ్లు ఇఫ్తార్ తర్వాత టీలు తగ్గించి, మధ్యాహ్నం కాసేపు ఖైలూలా చేస్తే మంచిది. మాత్రల వేళలు నెల మొదలవకముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. కొన్ని నొప్పి మాత్రలు ఖాళీ కడుపున వేస్తే కడుపులో పుండ్లు పడొచ్చు.

డెంటల్ కాలేజీల్లో ఓరల్ మెడిసిన్ విభాగం ఈ నొప్పులు చూస్తుంది. చాలామందికి వేడి కాపడం, మెత్తటి తిండి, దవడ వ్యాయామాలతోనే తగ్గుతుంది. సుపారీ, పాన్ మానేయాలి, దవడకు అవి రోజంతా కూలిపనే. ముఖం వాచి జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా అది వేరే సమస్య, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.