కరెంటు తీగ రాని ఊరు

తెల్లవారుజాము మూడున్నర. ఎవరి ఫోనూ మోగలేదు, మోగడానికి సెల్‌ఫోనంటూ ఉంటే కదా! నూతిగట్టు మీద గిలక మాత్రం కిర్రుమంటోంది. మార్గశిరం చలి. రెండు చేదల నీళ్లు నెత్తిన పడగానే నిద్రమత్తు ఎగిరిపోతుంది. గూట్లో నూనెదీపం వెలుగులో పంచె సర్దుకుని బయల్దేరండి, నాలుగున్నరకి మంగళహారతి. అప్పుడే మృదంగం అందుకున్నారు.

శ్రీకాకుళం జిల్లా హిరమండలం దగ్గర, అంతకాపల్లి పక్కనున్న కూర్మగ్రామం ఇది. శ్రీకూర్మనాథుడు వెలసిన జిల్లాలో ఆ పేరుతో 2018లో ఇస్కాన్ భక్తులు కట్టుకున్న ఊరు. 1966లో న్యూయార్క్ మహానగరంలో ఆ సంస్థను పెట్టిన ప్రభుపాదులు చెప్పిన పల్లెబతుకుని ఇక్కడ బతుకుతున్నారు. సాఫ్ట్‌వేర్ కొలువులు వదిలి వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఎండెక్కాక గోడ మీద చెయ్యి వేసి చూడండి. సిమెంటు లేదు, ఇనుము లేదు. ఇసుక, సున్నం, బెల్లం, కరక్కాయ, మెంతులు, మినుములు కలిపి కట్టిన గోడ. అరచేతికి చల్లగా తగులుతుంది, గోటితో గీకినా రాలదు.

ప్రశాంతత కోసం వచ్చారా? ముందు కట్టెలు మొయ్యండి. కుంకుడుకాయలు కొట్టి, నానబెట్టి, నురుగు తీస్తే గానీ బట్టలకి మురికి వదలదు. మీట నొక్కితే అయిపోయే పనులన్నీ ఇక్కడ రెక్కల మీదే సాగాలి. 2025లో మంటలు లేచి పెద్ద మందిరం కాలిపోయింది. అంత జరిగినా కరెంటు మాట ఎత్తలేదు.

నాకు మాత్రం మనసు ఈ చుట్టుపక్కల కొండల మీదికి పోతుంది. అక్కడి సవర గూడేల్లో ముసలివాళ్లు చీకట్లోనే పుట్టారు, చీకట్లోనే పెరిగారు. వాళ్లకి అది దీక్ష కాదు, స్తంభం అంతదూరం రాలేదు. కావాలని మానుకున్నవాళ్లని చూడ్డానికి కార్లలో వస్తున్నాం. ఆ గూడేలకి ఎవరు వెళ్లారు?

సరే, కోతకి పిలుస్తున్నారు. కొడవలి అందుకోండి. పదిమందీ తలో వరసా పట్టారు. కాసేపటికే నడుం పట్టేసి మీరు వెనకబడ్డారు. మీ పక్క వరసలో ఈ ఊరి గురుకులంలో చదివే కుర్రాడు, పట్టుమని పదేళ్లుండవు, సగం మడి దాటేశాడు. ఆగి, వెనక్కొచ్చి, మీ చేతిలో కొడవలి సరిచేస్తున్నాడు:

"ఇంకా కిందకి పట్టుకోండి ప్రభూ, వేళ్లు తెగుతాయి."