బుర్రకథకు ప్రాణం పోసిన హాస్య వంత

బుర్రకథ ముగ్గురు కలిసి నడిపే కథాగానం. నడుమ నిలిచే కథకుడు ఒక చేత్తో తంబుర మీటుతూ, రెండో చేతి అందెలతో తాళం వేస్తూ, కాళ్ల గజ్జెలు ఘల్లుమనేలా అడుగులేస్తూ కథ పాడతాడు. ఇరుపక్కలా డక్కీలు వాయించే వంతలు ఇద్దరూ పల్లవి అందుకుంటారు. వారిలో రాజకీయ వంత కథను నేటి సంగతులతో ముడిపెడితే, హాస్య వంత నవ్విస్తాడు.

ఈ కళ జంగం కథల నుంచి పుట్టింది. జంగాలు ఊరూరా తిరిగి కాంభోజరాజు కథ, బాలనాగమ్మ కథ, బొబ్బిలి కథ వంటివి చెప్పేవారు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఆ బాణీని ప్రజా ఉద్యమానికి మలుచుకుంది. సుంకర సత్యనారాయణ వంటి రచయితలు కొత్త కథలు కట్టారు. మోటూరి ఉదయం వంటి మహిళలూ దళాలు కట్టి కథ చెప్పారు. బుర్రకథ జనాన్ని కదిలిస్తోందని పాలకులు నిషేధాలు పెట్టారు.

గుంటూరు జిల్లాయే ఈ కళకు పెద్ద దిక్కయింది. ఇదే జిల్లా పొన్నెకల్లులో 1920లో, దూదేకుల కుటుంబంలో షేక్ నాజర్ పుట్టారు. పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలతో ఆయన బుర్రకథకు మారుపేరయ్యారు. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’.

హాస్య వంత పని కేవలం నవ్వించడం కాదు. పల్నాటి కథలో కోడిపందెం ఘట్టమే తీసుకుంటే, కోడి ఓడితే మనుషులు ఊరెందుకు విడవాలని అతడు అమాయకంగా అడుగుతాడు. జవాబుగా కథకుడు పందెం షరతునూ, దాని వెనకున్న దాయాదుల పగనూ విప్పి చెబుతాడు. చదువురాని శ్రోతకు సంగతి తేటపడుతుంది. పాడి అలసిన గొంతుకు కాస్త ఊపిరి దొరుకుతుంది. వీరం, కరుణ నిండిన ఘట్టాల నడుమ జనం తేరుకుంటారు. ఏలేవారిని సూటిగా అనలేని మాటకూ హాస్యం చాటున చోటు దొరుకుతుంది.

స్వాతంత్ర్యం తర్వాత బుర్రకథ సినిమాలకూ ఆకాశవాణికీ చేరింది, కుటుంబ నియంత్రణ వంటి ప్రభుత్వ ప్రచారాలకూ పనికొచ్చింది. నాజర్‌కు 1986లో పద్మశ్రీ దక్కింది. 1997లో ఆయన కన్నుమూశారు. ఈ కళను నేర్పేవారు కథకుడికిచ్చినంత తర్ఫీదు హాస్య వంతకూ ఇవ్వాలి. ప్రశ్న అడిగేవాడు లేకపోతే బుర్రకథ ఒంటి పాటగా మిగిలిపోతుంది.