పార్వతీపురం 1957: రెండు ఓట్ల కథ



మొన్న ఒక హాస్టల్ తమ్ముడు అడిగాడు: "అన్నా, రిజర్వుడు సీట్లో గెలిచేది మనోడే కదా, మరి గెలిచాక మన మాట ఎందుకు వినడు?" చాలామంది ఆ మనిషి గుణాన్ని తిట్టి ఊరుకుంటారు. నేను మాత్రం జవాబు ఎన్నిక పద్ధతిలో వెతకమంటాను.

1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని మెక్‌డొనాల్డ్ కమ్యూనల్ అవార్డు ప్రకటించాడు. అందులో మనకు రెండు ఓట్లు. ఒకటి మన ప్రతినిధిని మనమే ఎన్నుకోవడానికి, ఇంకొకటి సాధారణ నియోజకవర్గంలో అందరితో కలిసి వేయడానికి. అంటే అగ్రకుల అభ్యర్థి కూడా ఓటు కోసం మన వాడకు రావాలి. గాంధీ యెరవాడ జైల్లో నిరాహార దీక్షకు దిగాడు. సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం కుదిరింది. రాష్ట్రాల శాసనసభల్లో మన సీట్లు 148కి పెరిగాయి. రెండో ఓటు పోయింది. దాని బదులు మనవాళ్లు ముందుగా నలుగురిని ఎంపిక చేయాలి, వారిలో ఒకరిని అందరూ కలిసి ఎన్నుకోవాలి. మనం మొదట నిలబెట్టినవాడు ఓడి, నాలుగోవాడు గెలిచే దారి అక్కడే తెరుచుకుంది.

రాజ్యాంగం వచ్చాక ఆ ముందస్తు ఎంపిక కూడా లేదు. మొదట్లో ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి: ఒకటి జనరల్ సీటు, ఒకటి రిజర్వుడు. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు, రెండూ ఒకరికే వేయకూడదు. 1957 లోక్‌సభ ఎన్నికల్లో ఇలాంటివి 91. 1952లో కరీంనగర్ నుంచి పీడీఎఫ్ తరఫున బద్దం ఎల్లారెడ్డి, షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున ఎం.ఆర్. కృష్ణ కలిసి లోక్‌సభకు వెళ్లారు. అదే పద్ధతిలో ఉత్తర బొంబాయిలో అంబేడ్కర్ ఓడిపోయారు. కాబట్టి ఈ పద్ధతి స్వర్గమని నేననను.

ఇప్పుడు ఉత్తరాంధ్రకు రండి. 1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో ఒక సీటు గిరిజనులకు రిజర్వు. కేంద్ర కార్మిక మంత్రిగా చేసిన వి.వి. గిరి అక్కడ పోటీ చేశారు. ఓట్లు లెక్కపెడితే మొదటి రెండు స్థానాలూ ఇద్దరు గిరిజన అభ్యర్థులవే. ఒకరికి రిజర్వుడు సీటు, రెండోవారైన సూరిదొరకు జనరల్ సీటు దక్కాయి. వెయ్యి ఓట్లు కూడా లేని తేడాతో గిరి ఓడిపోయారు. రిజర్వుడు సీటుకు నామినేషన్ వేసినవాడు జనరల్ సీటుకు పనికిరాడని, అసలు సూరిదొర గిరిజనుడే కాదు, క్షత్రియుడని వాదించారు. 1959లో సుప్రీంకోర్టు ఆ వాదనలను తోసిపుచ్చింది. రిజర్వేషన్ కనీస హామీ మాత్రమే, పైకి గీసిన గీత కాదని ఆ తీర్పు వల్ల తేలింది.

రెండేళ్లు తిరక్కుండానే, 1961లో, ద్విసభ్య నియోజకవర్గాలను చట్టం చేసి రద్దు చేశారు. అవి మరీ పెద్దవన్న వాదనలో నిజం ఉంది. కానీ ఫలితం చూడండి. జనరల్ సీటు "వాళ్లది", రిజర్వుడు సీటు "మనది" అన్న లెక్క స్థిరపడింది. ఆ "మన" సీట్లోనూ దాదాపు ప్రతిచోటా మనకంటే ఇతరుల ఓట్లే ఎక్కువ. టికెట్ ఇచ్చేది పార్టీ, గెలిపించేది ఇతరుల ఓట్లు. ఇక గెలిచినవాడు ఎవరి గడప దగ్గర నిలబడతాడు? తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇదే.

అయితే ఓటు పద్ధతి ఒక్కటీ మారిస్తే చాలదు. 1947 మార్చిలో ఫెడరేషన్ తరఫున అంబేడ్కర్ రాజ్యాంగ సభ కోసం 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' రాశారు. అందులో ప్రత్యేక నియోజకవర్గాలు అడుగుతూనే కీలక పరిశ్రమలు, బీమా, వ్యవసాయం ప్రభుత్వం చేతిలో ఉండాలన్నారు. భూమిని కులభేదం లేకుండా ఊరి కుటుంబాలకు ఇచ్చి సమష్టిగా సాగు చేయించాలన్నారు. రేపటి మెజారిటీ చెరిపేయకుండా ఇదంతా రాజ్యాంగంలోనే రాయాలన్నారు. రేపు కూలికి ఎవరి చేలోకి వెళ్లాలో ఆ రైతు ముఖం చూసి ఓటేసే మనిషికి పోలింగ్ బూత్ తెర ఎంతవరకు కాపలా కాస్తుంది? అంబేడ్కర్ ఓటునూ భూమినీ ఒకే పత్రంలో పెట్టింది అందుకే.

ఆ పత్రంలో సగం మనం మర్చిపోయాం. సీట్ల సంఖ్య గురించి గొడవ పడుతున్నాం, ఆ సీటును ఎవరు నింపుతున్నారో అడగడం లేదు. రేపు మీ ఊళ్లో రిజర్వుడు సర్పంచ్ ఎన్నిక వస్తే మూడు ప్రశ్నలు వేయండి: అభ్యర్థిని ఎవరు ఎంపిక చేశారు? ఖర్చు ఎవరు పెట్టారు? మన వాడలో ఎంతమందికి సొంత సెంటు భూమి ఉంది? జవాబులు రాసి పెట్టుకోండి. మన తర్వాతి ఉద్యమం డిమాండ్లు అందులోంచే రావాలి.

జై భీమ్.