దాయాదుల కథ: మళ్ళీ చదివితే

తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలి అన్నారు పెద్దలు. ఈ పండుగ పూట గారెల సంగతి ఇంటింటా నడుస్తూనే ఉంటుంది కనుక, భారతం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

చిన్నతనంలో నాకు తెలిసిన భారతంలో పాండవులు మంచివాళ్ళు, కౌరవులు చెడ్డవాళ్ళు. అంతే. మా నాన్నకీ పెదనాన్నకీ పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగి రాకపోకలు ఆగిపోయాయి. అప్పటినుంచి మా ఇంట్లో మేము పాండవులం, గట్టుకు అవతలివాళ్ళు కౌరవులు. వాళ్ళింట్లో ఈ లెక్క తిరగబడి ఉంటుందని నాకు తోచనే లేదు. 1977లో 'దానవీరశూర కర్ణ'లో రామారావుగారి దుర్యోధనుడికి ఈలలు వేసి వచ్చి కూడా నేను లెక్క మార్చుకోలేదు.

ఉద్యోగ విరమణ చేశాక, ఈ దేశపు చలికాలం రాత్రుల్లో కవిత్రయ భారతం మళ్ళీ పట్టుకున్నాను. సులువు కాదు. నన్నయగారి సంస్కృత సమాసాలు ఒక ఎత్తు, తిక్కనగారి అచ్చ తెలుగు మరో ఎత్తు. శబ్దరత్నాకరం పక్కన లేకుండా పేజీ తిరగలేదు.

పద్యాలతోపాటు అవి పుట్టిన కాలం గురించీ చదివితే ఒక సంగతి ఆశ్చర్యం కలిగించింది. 11వ శతాబ్దంలో నన్నయచేత భారతం తెలుగు చేయించిన రాజరాజనరేంద్రుడు పాండవులు తన పూర్వులని నమ్మిన చంద్రవంశపు రాజు. ఆయనకూ ఇంటిపోరు తప్పలేదు. వేంగి సింహాసనం కోసం సవతి సోదరుడు విజయాదిత్యుడితో ఏళ్ళ తరబడి పెనుగులాడాడు. 1022లో పట్టాభిషేకం జరిగినా, తర్వాత కొన్నాళ్ళు రాజ్యం పోగొట్టుకుని తిరిగి సంపాదించుకున్నాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత నెల్లూరులోనూ అదే కథ. మనుమసిద్ధి రాజ్యాన్ని దాయాదులు అక్కన, బయ్యన ఆక్రమిస్తే, తిక్కన ఓరుగల్లు వెళ్ళి గణపతిదేవుడి సాయం తెచ్చాడని 'సిద్ధేశ్వర చరిత్ర' చెబుతుంది. ఆ తిక్కనే విరాటపర్వం మొదలు 15 పర్వాలు రచించాడు. అరణ్యపర్వంలో మిగిలిపోయిన భాగాన్ని 14వ శతాబ్దంలో ఎఱ్ఱన పూర్తిచేశాడు.

అంటే, దాయాదుల తగవు ఎలా ఉంటుందో అనుభవించి తెలిసిన కొలువుల్లో మన భారతం పుట్టింది. అలాంటి చోట గెలిచినవాణ్ణి ఆకాశానికెత్తడం కవికి తేలిక. భారతం ఆ పని చేయలేదు. యుద్ధం గెలిచిన ధర్మరాజు, కర్ణుడు తన అన్న అని తల్లి నోట విని కుమిలిపోతాడు. చివరిదైన స్వర్గారోహణ పర్వంలో స్వర్గానికి వెళ్ళేసరికి ఎదురుగా దుర్యోధనుడు వైభవంగా కూర్చుని ఉంటాడు! తమ్ముళ్ళు, ద్రౌపది, కర్ణుడు నరకంలో ఉంటారు. వాళ్ళ గొంతులు విని, స్వర్గం వద్దు, నేనూ ఇక్కడే ఉంటానంటాడు ధర్మరాజు. అప్పుడు ఇంద్రుడు వచ్చి మర్మం విప్పుతాడు. పాపం ఎక్కువైనవాడు ముందు కొంచెం స్వర్గం అనుభవిస్తాడు, పుణ్యం ఎక్కువైనవాడు ముందు కొంచెం నరకం చూస్తాడు. అశ్వత్థామ పేరు చెప్పి ద్రోణుణ్ణి వంచించినందుకే ధర్మరాజుకు ఆ నరక దర్శనం.

దుర్యోధనుడు మంచివాడని భారతం అనదు. నిండు సభలో ద్రౌపదికి చేసిన అవమానాన్ని మాఫీ చేయదు. కాని ప్రతి మనిషి ఖాతాలోనూ రెండు పద్దులూ ఉన్నాయంటుంది. ధర్మరాజు ఖాతాలోనే ఒక వంచన ఉంటే, మా ఖాతా మాటేమిటి? ఆ గట్టు తగాదాలో మన తప్పేమైనా ఉందా అని మా నాన్నను ఒక్కసారైనా అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు. పెదనాన్నా లేరు.

పోయిన సంక్రాంతికి పెదనాన్నగారి అబ్బాయికి ఫోన్ చేశాను. "అన్నయ్యా" అనగానే అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత, "ఎప్పుడొస్తున్నావురా?" అన్నాడు.

మన పిల్లలకు భారతం చెప్పేటప్పుడు యుద్ధంతో ఆపవద్దని నా మనవి. పద్దెనిమిదో పర్వం దాకా చెప్పండి. దుర్యోధనుడు స్వర్గంలో ఎందుకున్నాడని వాళ్ళు అడుగుతారు. తొందరపడి జవాబు చెప్పకండి. వాళ్ళతో కలిసి మీరూ కాసేపు ఆలోచించండి.