రాచపుండు, కరోనా – ఊహాన్‌లో దొరికిన తొలి సాక్ష్యం

కాన్సరుకు మన పెద్దలు వాడిన మాట రాచపుండు. లాటిన్ భాషలో ‘కరోనా’ అంటే కిరీటం. రాచరికపు పేర్లు గల ఈ రెండు వ్యాధులూ ఒకే ఊపిరితిత్తిలో తారసపడిన ఉదంతం ఒకటి 2020 నాటి చరిత్రలో ఉన్నది. చదువరులకు చెప్పదగినదని తోచి వ్రాస్తున్నాను.

2020 జనవరిలో ఊహాన్ విశ్వవిద్యాలయపు ఝోంగ్నాన్ ఆసుపత్రిలో ఇద్దరు వృద్ధులకు ఊపిరితిత్తుల కాన్సరుకు శస్త్రచికిత్స జరిగింది. గడ్డ ఉన్న భాగాన్ని కోసి తీశారు. అప్పటికే వారికి కరోనా సోకి ఉన్నదని వైద్యులు ఎరుగరు. తరువాత వారిలో ఒకరు మరణించారు, మరొకరు కోలుకున్నారు.

విషయం తెలిసిన పిదప ఆ ఖండాలను సూక్ష్మదర్శినితో మరల పరీక్షించారు. గడ్డకు ఆవల గాలిగదులలో నీరు, మాంసకృత్తులతో కూడిన స్రావం చేరి ఉన్నవి. గదుల గోడల కణాలు పెరిగి ఉన్నవి. మృతదేహాన్ని పరీక్షిస్తే వ్యాధి తుదిరూపమే కనబడుతుంది. తొలిరూపం కనబడాలంటే సజీవుని ఊపిరితిత్తి కావాలి. దానిని ఎవరు ఇవ్వగలరు? ఆ ఇద్దరూ తమకు తెలియకుండానే లోకానికి ఇచ్చారు.

2020 ఫిబ్రవరిలోనే చైనా వైద్యులు మరొక లెక్క ప్రకటించారు. 1590 మంది కరోనా రోగులలో 18 మందికి కాన్సరు చరిత్ర ఉన్నది. ఆ 18 మందిలో 7గురు, అనగా నూటికి 39 మంది, కృత్రిమ శ్వాస అవసరమయ్యే స్థితికో మరణానికో చేరుకున్నారు. తక్కినవారిలో ఆ సంఖ్య నూటికి 8 మాత్రమే. ఈ అంకె లోకాన్ని భయపెట్టింది. చికిత్సలు వాయిదా వేయాలన్న మాట బయలుదేరింది. అయితే 18 మంది మీద సిద్ధాంతం నిలువదు. వారిలో చాలామంది చికిత్స ముగించుకొని తనిఖీలకు మాత్రమే వస్తున్నవారు. పైగా కరోనా తగ్గేదాకా రాచపుండు ఆగదు కదా! తరువాతి పెద్ద అధ్యయనాలలో రక్తపు కాన్సరు గలవారికి ముప్పు మరింత ఎక్కువని తేలింది. ఆ జబ్బూ, దాని మందులూ రోగనిరోధక శక్తినే దెబ్బతీస్తాయి.

వైద్యులకు ఎదురైన మరొక చిక్కు ఉన్నది. రేడియేషన్ వల్లా, కొన్ని కాన్సరు మందుల వల్లా ఊపిరితిత్తులు వాస్తాయి. స్కానింగులో ఆ వాపూ, కరోనా తెచ్చిన న్యుమోనియా కూడా గరుకు గాజు వంటి మసకగానే కనబడతాయి. మందు వల్ల వచ్చిన వాపైతే ఆ మందు ఆపాలి. కరోనా అయితే రోగిని వేరుగా ఉంచాలి. పొరబడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఆ ఇద్దరు వృద్ధుల పేర్లు మనకు తెలియవు, తెలియనక్కరలేదు. వ్యాధి తొలి అడుగును లోకానికి చూపినవారిగా వారిని తలచుకొంటే చాలును.